కొసరు

కాశీనగరం దాటి గునుపురం పోయే రోడ్డులో
వంశధార కాస్త పక్కకి ఒత్తిగిల్లే చోట
నాలుగు వెదుళ్ళు, రెండు రేకులు, ఒక తక్కెడ.
వెనకాల ఎకరంన్నర మడి.
ముందు తవిటినాయుడు.

ముందు పుట్టిన ముగ్గురూ పోతే
నాలుగోవాణ్ణి తవుట్లో పొర్లించి
చేటెడు తవుడికి పొరుగామెకి అమ్మి
మళ్ళీ కొనుక్కుందట వాళ్ళమ్మ.
ఎవరైనా బేరమాడితే అదే చెప్పేవాడు:
"నన్నే చేటెడు తవుడికిచ్చీసినారు,
వంకాయకి ఇంకేటి తగ్గించమంతావు తల్లీ?"
అని, తగ్గించేవాడు.

ఎప్పుడో కిలోరాయి పోతే
ఏట్లోంచి ఒక గుండ్రాయి తెచ్చి పెట్టాడు.
తూనికల ఆఫీసరు పర్లాకిమిడి నుంచి వచ్చి
తూచి చూస్తే కిలో మీద అరవై గ్రాములు ఎక్కువ.
ఎక్కువైనా తప్పు తప్పేనని
ఒడియాలో రసీదు రాశాడు.
నాయుడు జరిమానా కట్టి
ఆయన సంచిలో ఒక ఆనపకాయ పెట్టి పంపాడు.
రాయి మార్చలేదు.

మాతో తెలుగు, బ్లాకాఫీసు గుమస్తాలతో ఒడియా,
కొండ దిగి వచ్చే ఆడవాళ్ళతో సవర.
వాళ్ళు తెల్లారకట్ట దించిన పసుపు, అనాస, కొండచీపుర్లు
తన బల్ల మీదే పెట్టి అమ్మేవాడు.
వాటా లేదు. ఎప్పుడైనా ఒక చుట్ట.
లెక్క మాత్రం ఎవరికైనా ఒడియాలోనే,
ఏక్, దుయి, తీని.
బళ్ళో కొట్టి నేర్పిన అంకెలు అతుక్కుపోయాయట.
పది దాటాక తెలుగులోకి జారేవాడు.
చివర సంచిలో పడే గుప్పెడికి
ఏ భాషలోనూ లెక్క లేదు.
కొసరు అడిగితే మాత్రం కోపం.
"అడిగితే అది కొసరేటి? అప్పవుద్ది."

నేను సబ్ సెంటర్ నర్సుని.
బుధవారం టీకాలు అయ్యాక
బస్సు కోసం ఆ రేకు కిందే నిలబడేదాన్ని.
చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంటే
"తూకం సరిపోనాదా?" అనేవాడు.
ఎక్కువుంది నాయుడూ.
"నా రాయీ అంతే గదా."
మాత్రలిచ్చాను. నెలనెలా ఇచ్చాను.
తర్వాత అవన్నీ
బెండ విత్తనాల డబ్బాలో దొరికాయి.

ఆ బుధవారం
గోనెసంచి మీద కూర్చుని
వెదురుకి తల ఆనించి ఉన్నాడు.
కునుకనుకున్నాను.
వంతెన అవతల బస్సు హారను.
లేపడం ఎందుకని నేనే తూచుకున్నాను
కిలో వంకాయలు, ఏటిరాయితోనే.
ఇరవై రూపాయలు రాయి కింద పెట్టాను.
అతను చేసినట్టే
రెండు పచ్చిమిరపకాయలు తీసి వేసుకున్నాను.

భుజానున్న సంచిలో బీపీ మిషనుంది.
ఇరవై రెండేళ్ళుగా నాడి పట్టుకుంటున్న చెయ్యి
అతని చేతికి జానెడు దూరంలోంచి వెళ్ళి
మిరపకాయలు తీసుకుంది.

దినం భోజనాల దగ్గర గున్నమ్మ
వచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది, కొంచెం గర్వంగానే:
"పేణం పోయినాక కూడా బేరం సేసినాడమ్మా!
రాయి కింద ఇరవై రూపాయలు.
ఎవులో మంచోళ్ళే, డబ్బులెట్టి ఎల్లినారు."
నేను పప్పన్నంలో చెయ్యి పెట్టి తలొంచుకున్నాను.
పందిరి బయట ఒక సవర ముసలామె
పసుపు మూట నెత్తి మీంచి దించకుండా
చాలాసేపు నిలబడింది,
ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు.

కొసరు సంగతి గున్నమ్మకి చెప్పలేదు.
అతను ఇచ్చింది కాదది. నేను అడిగిందీ కాదు.
అప్పో, దొంగతనమో,
దాన్ని తూచే రాయి నా దగ్గర లేదు.

ఆ బుధవారం రాత్రి
గంజన్నంలో ఒక మిరపకాయ కొరికాను.
కళ్ళంట ధారగా నీళ్ళు.
అప్పటికింకా కబురు రాలేదు.
అవి మిరపకాయకే.